గోడకు నేసిన గొంగడి

మా మేనత్త పోయింది. దేవరకొండ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రెండు రోజులకే, నిద్రలోనే. గోడకు వేలాడదీసే ఉన్ని గుడ్డ ఒక్కటి నేసింది ఆమె. దాన్ని నేయాల్సిన గతి నావల్లే పట్టింది. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేకపోయాను.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మాలో ఆడవాళ్లు ఉన్ని వడుకుతారు, మగవాళ్లు గొంగళ్లు నేస్తారు. అత్త వడికేది, మామ నేసేవాడు. ఏ ఇంటి అంచు ఆ ఇంటిదే. మామ అంచులో ఎర్రపోగు పక్కన రెండు తెల్లపోగులు ఉండేవి. "అంచు జూస్తె సాలు బిడ్డా, మనిషి మొకం జూడనక్కర్లే" అనేది అత్త. గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆమే.

పోలీసు యాక్షన్ అయిపోయినా, దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరిన మామ గుట్టలు దిగలేదు. ఒకనాడు వాళ్ల కోసం గాలించే మిలిటరీవాళ్లు గుట్టల్లో దొరికిన గొంగడి తెచ్చి చావడి ముందు పరిచారు. "ఎవలదో చెప్పుండ్రి!" అని పట్వారి అరిచాడు.

"మాది గాదు" అంది అత్త.

నాకు ఆరేళ్లు. అంచు పట్టేశానన్న సంబరం. "అత్తా, గిది మామదే!" అని గంతులేశాను. నా నోట్లో మన్ను పడ! వాళ్లు అత్త ఇంటి చుట్టూ కాపు కాశారు. వారం తిరగకముందే, రొట్టెల కోసం వచ్చిన మామను పెరట్లోనే కాల్చేశారు.

ఏడాదికి అత్త మామ మగ్గం ముందు కూర్చుంది. "ఆడది గొంగడి నేసుడేంది?" అని కులపెద్దలు గదమాయించారు. "కప్పుకునేది గాదయ్యా, గోడకు" అంది. లావు దారంతో నల్లటి నేల, తెల్లటి గొర్రెలు, కింద మామ అంచు. గొర్రెలు వంకరగా వచ్చాయి. "మేత లేక గట్లయినయ్" అని తనే నవ్వేది. నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పోయిన నెల, దవాఖాన నుంచి తెచ్చిన రోజు, ఆమె మంచం పక్కన కూర్చుని, ఉండబట్టలేక అడిగేశాను. "అత్తా, మామను నేనే గద సంపుకున్నది?"

"నువ్వు ఉన్నదే చెప్పినవ్ బిడ్డా. ఆయన గొంగడి జూసి మాది గాదన్నది నేను. గా మాట ఆయనకు జెప్పుకునే యాళ్ల గూడ ఇయ్యలే వాళ్లు."

అంతే, గోడవైపు తిరిగి, మంచాన్ని ఆనుకుని వేలాడే ఆ నల్లటి గొంగడిలో ముఖం దాచుకుంది. చాలాసేపటికి ఇటు తిరిగింది. తడి చెంప నిండా నల్లటి ఉన్ని నూగు అంటుకుని ఉంది. కొంగుతో తుడవబోతే, వద్దని నా చెయ్యి పట్టుకుంది.