లప్పం కింద రాశి ముద్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది రావల్కోల్‌లో ఒక పాత మేడ కిటికీ బాగుచేసే పని వచ్చింది. మచ్చ బొల్లారంలో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. స్టెయిన్డ్ గ్లాస్, అంటే రంగు గాజు ముక్కలతో కూర్చిన కిటికీలను విప్పి, వాటిని పట్టి ఉంచే సీసపు పట్టీలు మార్చి మళ్ళీ బిగిస్తాను. ఆ పట్టీలను లెడ్ కేమ్ అంటాం. నా దగ్గరికి ఎక్కువగా చర్చి కిటికీలే వస్తాయి.

పిలిచినతను మహేందర్. పొలాలను ప్లాట్లు చేసి అమ్మే కుర్రాడు. తాత పెట్టించిన ఆ కిటికీతో సహా మేడను ఫంక్షన్ హాల్‌గా మారుస్తున్నాడు. మెట్ల మలుపులో, ఎత్తులో ఉంది కిటికీ. పెద్ద డాలు, దాని నిండా ఎర్రటి చక్రం, నడుమ అరచేతంత తెల్ల మచ్చ. యూరప్‌లో వంశానికో గుర్తును డాలు మీద వేసుకునే పద్ధతి ఉంది. దాన్ని హెరాల్డ్రీ అంటారు.

“ఇంగ్లండు రాణి మా తాతకిచ్చిన గుర్తంట అక్కా. గా నడుమ తెల్లది పీకేసి మా వెంచర్ లోగో పెట్టు. జర జల్దీ గావాలె,” అన్నాడు మహేందర్.

ఆ రాణికి రావల్కోల్‌తో ఏం పనో నాకు అర్థం కాలేదు. హెరాల్డ్రీ పుస్తకాలన్నీ తిరగేశాను. అలాంటి చక్రమున్న వంశం ఒక్కటీ దొరకలేదు. చివరికి వెనక వసారాలో కూర్చునే వాళ్ళ అవ్వ నర్సవ్వను అడిగాను. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే మొహం తిప్పుకుంది.

“రాణి లేదు, గీణి లేదు. గది మా ఆయన నాయినోళ్ళ రాశి ముద్ర. కల్లంల వడ్ల రాశి మీద ఎవ్వలు చెయ్యి వెట్టకుండ బూడిదతోని ముద్ర గొడ్తుండిరి. ఇంటికొక ముద్ర.”

“మరి కోపమెందుకవ్వా?”

“నా నాయినకు నేనొక్కదాన్నే బిడ్డా. ఆయనను ఇల్లరికం తెచ్చిండు. నాయిన పోయి ఏడాది గాలే, సికింద్రాబాద్ నుంచి గాజు పనిజేసే తెల్లదొరను పిల్సి మా ఇంటికి తన ముద్ర పెట్టిచ్చిండు. గప్పటిసంది నేను గా మెట్లెక్కలే.”

ఆ మాట విని నాకు చప్పున వెలిగింది. హెరాల్డ్రీలో ఒక నియమముంది. అన్నదమ్ములు లేని ఆడపిల్లను పెళ్ళాడినవాడు, మామ పోయాక, ఆమె పుట్టింటి గుర్తును చిన్న డాలుగా చేసి తన డాలు నడిమధ్యలో పెట్టుకుంటాడు. ఈ ఇంటికి వారసురాలు ఈమె అని చెప్పడమన్నమాట. సికింద్రాబాద్ దొరకు ఆ పద్ధతి తెలిసే ఉంటుంది.

మహేందర్ లోగో పట్టుకొని నిలబడ్డాడు. ఆ ముక్క జోలికొస్తే పని వదిలేసి పోతానని గట్టిగానే చెప్పాను. కిటికీ విప్పి దగ్గరగా చూస్తే ఆ తెల్ల మచ్చ గాజు కాదు, లప్పం. వాన నీళ్ళు కారుతున్నాయని ఏ పెయింటరో మెత్తి ఉంటాడు. దాన్ని నానబెట్టి, చెక్క పుల్లతో మెల్లగా గీకాను. గాజు మీద రంగును బట్టీలో కాలుస్తారు కాబట్టి అది చెక్కుచెదరలేదు. పచ్చటి చిన్న డాలు, దాని మీద మూడు కంకులు.

ముక్కను మెత్తటి గుడ్డలో చుట్టి వసారాకు తీసుకెళ్ళి ఆమె ఒడిలో పెట్టాను. ఎవరి గుర్తో నేను చెప్పలేదు. నర్సవ్వ వేలితో ఒక్కో కంకినీ తడిమింది.

“మా నాయిన ముద్ర,” అంది. ఆ ముద్రను దొరకు ఆమె భర్తే చూపించి ఉంటాడని, వారసురాలి గుర్తుగా నడుమ పెట్టించాడని అప్పుడు వివరించాను. ఆమె ముక్కను మళ్ళీ గుడ్డలో చుట్టింది.

“ఆయన చెప్పలే. నేను అడ్గలే,” అంది.

కిటికీ బిగించిన రోజు నర్సవ్వ మహేందర్ చెయ్యి పట్టుకొని, ఒక్కో మెట్టు ఎక్కి మలుపు దాకా వచ్చింది. చాలాసేపు చూసి మనవడితో అంది:

“ఈడ కుర్సీ ఎయ్యి. మీ తాతతోని జర మాట్లాడేదుంది. మీరు పోండ్రి.”

మేమిద్దరం కిందికి వచ్చేశాం. లోగో సంగతి మహేందర్ మళ్ళీ ఎత్తలేదు. గాజు గురించి నాకు తెలిసింది తక్కువేం కాదు. కానీ ఇప్పుడు పాత కిటికీ మీద చెయ్యి వేసేముందు, ఈ ఇంట్లో దీని వంక చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఉన్నారంటే ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళి కూర్చుంటాను.