అత్తకు నేనిచ్చిన కడుపు నొప్పి

ఆ రోజుల్లో, అంటే నేను కర్ణాటకలోని చిక్కబళ్ళాపురలో నర్సింగ్ చదివేటప్పుడు, మా యూనివర్సిటీ మీద నాకున్న గర్వం అక్కడి పెద్దలకు కూడా ఉండేది కాదేమో. అంతకుముందు ఒక్కో ఊరి కాలేజీ ఒక్కో యూనివర్సిటీ కింద ఉండేదనీ, తర్వాత డాక్టర్ల చదువు మొదలు మా నర్సుల చదువు దాకా అన్నీ కలిపి రాష్ట్రానికంతా ఒకే ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారనీ, దాని పట్టా చూపిస్తే ఎక్కడైనా లేచి కుర్చీ వేస్తారనీ మా ఊరు చింతామణిలో మా బెల్లం అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. (కుర్చీ ఎవరూ వేయలేదు. వేసినా నర్సుకు కూర్చునే తీరిక ఎక్కడిది?) నా ఉపన్యాసాన్ని చివరిదాకా వినేది మా ఇంట్లోనే ఉండే మేనత్త ఒక్కతే.

ఒకసారి ఆ యూనివర్సిటీ నుంచి మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. కాలేజీ ఆస్పత్రిలో మంచాలు నిండుగా కనిపించకపోతే గుర్తింపు పోతుంది, మా చదువులు నడివీధిలో పడతాయి. రోగులేమో పట్టుమని పదిమంది లేరు. అందుకని తలా ఒక బంధువును తెచ్చి పడుకోబెట్టమన్నారు. నేను అత్తను బస్సెక్కించాను. ఆవిడ శిడ్లఘట్ట పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. ఇదేమిటంటే, "పెద్దోళ్ళు వస్తాండారు గదమ్మీ" అంది. చీర కనపడకుండా మెడదాకా దుప్పటి కప్పి, చార్టులో 'కడుపు నొప్పి' అని నా చేత్తోనే రాశాను.

వచ్చిన పెద్ద డాక్టరుది బాగేపల్లి వైపు, మన తెలుగు మాటే. "ఏముండాదమ్మా నీకు?" అని అడిగాడు. అత్త తడుముకోకుండా, "నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తాదప్పా. వెల్లకిల పండుకుంటే ఊపిరాడదు" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చార్టులో కడుపు, నోట్లో ఆయాసం! దిండు సర్దుతున్నట్టు వంగి, "కడుపు నొప్పి అత్తా, కడుపు నొప్పి" అని చెవిలో అన్నాను. అత్త ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని, "మర్సిపోతినప్పా, కడుపు నొప్పే" అంది. ఆయన మెడలోని స్టెతస్కోపు తీయబోయినవాడు మానేసి పక్క మంచానికి వెళ్ళాడు. కాలేజీకి గుర్తింపు నిలిచింది, మాకందరికీ మైసూరుపాకు పంచారు. తిరుగు బస్సులో, "బాగా నటించావత్తా, ఆ ఆయాసం యాడ నేర్చుకున్నావు?" అని పడీపడీ నవ్వాను. ఆవిడా నవ్వింది.

ఏడాది తిరక్కుండానే అత్తను బెంగళూరు తీసుకెళ్ళాల్సి వచ్చింది. గుండె కవాటం పాడైందనీ, కాస్త ముందే తెచ్చి ఉండాల్సిందనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. (ఆయాసం మీద ప్రశ్న వస్తే నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.) ముందే ఎందుకు చెప్పలేదత్తా అని ఏడిస్తే, "చెప్తి గదమ్మీ. నీ చదువు పోతాదని మళ్ళా కడుపు నొప్పంటి. ఇప్పుడు చెప్పొచ్చా, ఆయాసమని?" అంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేనూ నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అంగడి ముందు నిలబడి యూనివర్సిటీ గొప్పలు చెప్పిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్త ఆ పిల్లను కాలేజీ ఆస్పత్రి మంచం మీదే క్షమించేసింది, నాకే ఇంకా చేతకావడం లేదు.