సుంకమ్మవ్వ నడిపిన పిల్లలిల్లు

రాగిజావ ఉడుకుతున్న కమ్మటి వాసన ముక్కుకు తగిలితే చాలు, గరిటె నా చేతిలోనే ఉన్నా, పొయ్యి దగ్గర సుంకమ్మవ్వ నిలబడినట్టే ఉంటుంది. తోరణగల్లు దగ్గరి మా ఊళ్ళో, పనికెళ్ళే తల్లుల బిడ్డల కోసం ఆమె మొదలుపెట్టిన పిల్లలిల్లును ఆమె పోయాక నేను నడుపుతున్నాను.

అవ్వ మాకు బంధువు కాదు, పక్కింటి మనిషి. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ బస్సు వచ్చేసరికి మా వీధి ఆడవాళ్ళు బిడ్డలను ఆమె వసారాలో దించి పరుగెత్తేవారు. మా అమ్మ కూడా ఆ బస్సెక్కి ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి వెళ్ళేది. పిల్లలు పెరిగేకొద్దీ వసారా చాలలేదు. ఒకరోజు అవ్వ మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళింది. నాకప్పుడు ఐదేళ్ళు.

"అంగన్‌వాడి ఉండాది కదమ్మా, మళ్ళీ ఇదేంటికి?" అన్నాడు అక్కడి పెద్దమనిషి.

"బస్సు ఆరుకు వస్తాది సార్. అంగన్‌వాడి పదికి తెరుస్తారు. అందాక ఈ పిల్లోళ్ళు యాడుండాల? మీరే చెప్పండి."

ఆయన కాగితాల్లో తల దూర్చాడు, అవ్వ కదల్లేదు. మధ్యాహ్నానికి మాలో ఇద్దరు ఆయన బల్ల కిందే నిద్రపోయారు. చివరకు ఖాళీగా పడి ఉన్న రేషన్ గోదాము తాళంచెవి ఇచ్చారు. ఆదివారం తల్లులంతా కలిసి దాన్ని కడిగి సున్నం వేశారు.

నేను పదో తరగతి దాటి పీయూసీ చదివేటప్పుడు, ఏదో గొడవలో వీధిలో ఒకామె, "మీయమ్మ నిన్ను మంచంకోడుకు కట్టేసి పోయేది" అంది. రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. మూడోరోజు అవ్వను అడిగాను.

"నిజమే పాపా," అంది అవ్వ బియ్యం ఏరుతూ. "నీకు ఏడాదిన్నర. ఏడుపు వినపడి నేనే తలుపు తీసినా. నిన్ను ఎత్తుకొచ్చినాకే ఈ పని మొదలైంది."

నేను ఏడ్చాను. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి, మళ్ళీ చెప్పింది.

"తాడుతో కట్టలేదు మీయమ్మ. మెత్తటి పాత చీర చింపి కట్టింది. నడుము ఒరుసుకోకుండా లోపల గుడ్డ మడతపెట్టింది. బొరుగుల గిన్నె నీకు అందేటట్టు, పొయ్యి అందనట్టు కొలిచి కట్టింది. ఆ ముడి ఇప్పింది నేనే కదా. అందుకే మీయమ్మను ఒక్క మాట అనలేదు."

ఆ సాయంత్రం బస్సు ఆగే చోటికి వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూసి అమ్మ కంగారుపడింది.

"ఏమాయ పాపా?"

"ఏం లేదు, ఊరికే వచ్చినా" అని చేతిసంచి అందుకున్నాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. ఇల్లు చేరేదాకా తీయలేదు.

మొన్న ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను తెచ్చింది. "ఇట్లాంటి బిడ్డను ఇడ్సిపోతారా?" అని కొత్త ఆయా కసిరింది. నేను బిడ్డను ఎత్తుకున్నాను. గౌను జేబులో మందుసీసా తగిలింది. ఎప్పుడు, ఎంత వేయాలో వంకర అక్షరాలతో రాసిన చీటీ దానికి చుట్టి ఉంది.

"నువ్వు పోమ్మా, బస్సు పోతాది. నేను చూసుకుంటా" అన్నాను ఆ తల్లితో.

పొద్దున్నే బిడ్డను అందుకోగానే, తల్లి చెయ్యి ఎక్కడెక్కడ జాగ్రత్త పడిందో చూస్తాను. ఆ చూపు నాకు సుంకమ్మవ్వ ఇచ్చింది.