పర్వతాలు కలిపిన పసుపు

పర్వతాలు మొదటిసారి మా ముందు గది గడప దాటి వచ్చిననాడు అతని కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. కాదు, జాజు, ఎర్రమట్టి రంగు. ఆ పొద్దున చివ్వెంలలో అన్నదమ్ములిద్దరూ కలిసి గొర్రెలకు జాజుతో గుర్తులు వేశారట. అన్న మందతో పోతే తమ్ముడు బస్సెక్కి సూర్యాపేట వచ్చాడు, బ్యాంకులో ఇవ్వడానికి ఫోటో దిగుదామని. అది రెండువేల నాలుగో సంవత్సరం.

ముందు గది అంటే కొత్త బస్టాండు వెనక వీధిలో మా ఇంటికి రోడ్డు వైపున్న గది. మా ఆయన ఉన్నప్పుడు అందులో వడ్ల బస్తాలు వేసేవాళ్ళం. ఆయన పోయాక చాలా ఏళ్ళు ఖాళీగా ఉంచి, చివరికి జనార్దన్‌కు కిరాయికి ఇచ్చాను. అతను అద్దాల తలుపు పెట్టించి, రెండు కంప్యూటర్లు తెచ్చి, డిజిటల్ డిజైన్ స్టూడియో అని బోర్డు కట్టాడు. బోర్డు ఒక పక్కకు ఒరిగి ఉంటే నేనే చెప్పి సరిగ్గా కట్టించాను. పొద్దున వంట కాగానే ఆ గదిలో ఒక కుర్చీ నాది. జనార్దన్‌కు అది నచ్చదని నాకు తెలుసు. కానీ ఇల్లు నాది.

ఆ రోజు జనార్దన్ కంప్యూటర్‌లో ఒక మేనమామను తెచ్చి పెళ్ళివాళ్ళ మధ్య నిలబెడుతున్నాడు. ఆ మేనమామ పెళ్ళికి రాలేదు. ఫోటోలో మాత్రం ఉండాలని వాళ్ళు అడిగారు. అతుకు కనిపించకుండా బాగానే చేశాడు. నేను చూస్తూనే ఉన్నాను, నాకేమీ తేడా తెలియలేదు. వెనక నిలబడ్డ పర్వతాలు మెల్లగా అన్నాడు.

"సార్, ఈయన గాడ లేడు గద."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు జనార్దన్.

"అందరికి ఎండ కుడిదిక్కు నుంచి కొడ్తంది. ఈయనకు ఒక్కనికే ఎడమ దిక్కు నుంచి కొడ్తంది."

జనార్దన్ కుర్చీ తిప్పి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. ఫోటో తీశాడు, పేరడిగాడు, మళ్ళీ రమ్మన్నాడు. జనార్దన్ మనిషిని పొగడడు గాని పనికొచ్చేవాణ్ణి వదలడు.

అట్లా మొదలైంది. అప్పటికి పర్వతాలుకు ఇరవై ఆరేళ్ళు. పదో తరగతి తప్పాడు. మొదటి ఆరు నెలలు మౌసు పట్టుకుంటే అది బల్ల చివరకు పోయి కింద పడేది. తర్వాత జనార్దన్ హైదరాబాద్ నుంచి పలకలాంటి వస్తువొకటి తెచ్చాడు. దాని మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే గీత ఎదురుగా కంప్యూటర్‌లో పడుతుంది. జనార్దన్ రెండు రోజులు గీసి, చూపు ఒకచోట చెయ్యి ఒకచోట ఏంటని విసుక్కుని పక్కన పెట్టాడు. పర్వతాలుకు అది వెంటనే పట్టుబడింది. చూపు మంద మీద, చెయ్యి కట్టె మీద ఉండడం అతనికి చిన్నప్పటి అలవాటే కదా.

నేనొకసారి అడిగాను, ఇన్ని రంగులు నీకెట్లా తెలుస్తున్నాయిరా అని. రెండు వందల గొర్రెలలో ఏది ఎవరిదో ముఖం చూసి చెప్తామన్నాడు. "తెలుపంటే ఒక్క తెలుపేనా అమ్మా? పాల తెలుపు వేరే, బూడిద తెలుపు వేరే, వానల తడిసిన తెలుపు వేరే ఉంటది."

పెళ్ళి ఆల్బమ్‌లకు జనార్దన్ దగ్గర కొన్న సీడీలు ఉండేవి. మంచుకొండలు, జలపాతాలు, గులాబీలు. మిర్యాలగూడ మిల్లు వాళ్ళ పిల్లనైనా నేరేడుచర్ల రైతు పిల్లనైనా తీసుకుపోయి అదే మంచుకొండ మీద నిలబెట్టేవాడు. ఆ చలికి పట్టుచీరలో పిల్ల ఏమైపోవాలని నేనంటే నవ్వేవాడు కాదు. పర్వతాలు ఒకనాడు వాళ్ళ నాయన గొంగడి తెచ్చి, అంచు చారలను ఫోటో తీసి, ఆల్బమ్ మొదటి పేజీ వెనక పరిచాడు. నల్లటి ఉన్ని మీద పెళ్ళికూతురి ఎర్రచీర దీపంలా వెలిగింది. జనార్దన్ దాన్ని తీసేయించి గులాబీలు పెట్టించాడు. పర్వతాలు చెప్పినట్టే చేశాడు. ఆ గొంగడి ఫోటోను మాత్రం చెరపలేదు.

ఇంటి దగ్గర పేచీ వేరే ఉంది. అన్న వీరయ్య నెలకొకసారి వచ్చి అద్దాల తలుపు బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మంటే చెప్పులకు పేడ ఉందనేవాడు. మంద పెరిగింది, తండ్రికి మోకాళ్ళు పోయాయి, ఒక్కడితో కావడం లేదు. చివరికి రెండువేల ఆరు ఉగాది తర్వాత వచ్చి తేల్చి చెప్పాడు. వచ్చే మాఘమాసంలో గొల్లలు చేసే గట్టు జాతర దాకా చూస్తాడు. అప్పటికి ఈ పనిలో తమ్ముడు నిలబడితే సరే, లేకపోతే దేవుడి గంప ఎత్తుకుని జాతరకు వచ్చినవాడు అటునుంచి అటే మందకు రావాలి. పర్వతాలు తల ఊపాడు. అన్న మాట తప్పేవాడు కాదు, తమ్ముడూ కాదు.

ఆ వేసవిలోనే అనంతగిరి పెళ్ళి వచ్చింది. కోదాడ పక్క అనంతగిరిలో తిరుపతమ్మ వాళ్ళది ఉన్నంతలో గట్టి రైతు కుటుంబం. ఆమె కూతురు గోపికను మిర్యాలగూడ ఇచ్చారు. జనార్దన్ వెళ్ళి మూడు రోజులూ ఫోటోలు తీశాడు. ఆల్బమ్ పని పర్వతాలుకు ఇచ్చాడు. ఒక పెళ్ళిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అతని చేతికే వదలడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పందిట్లో వీడియో వాళ్ళు పట్టే లైటు వెలుతురుకు ఫోటోల్లో మనుషులంతా కామెర్లు వచ్చినట్టు పచ్చగా పడతారు. ఆ పచ్చదనం తీసేయడానికి జనార్దన్ కంప్యూటర్‌కు ఒక బొత్తాం నేర్పి పెట్టాడు. అది నొక్కితే వరుసగా అన్ని ఫోటోలనూ అదే సరిచేసుకుంటూ, సరిచేసినవాటిని పాతవాటి మీదే దాచేస్తుంది, పాతవి ఇక దొరకవు. ముహూర్తాలు ఎక్కువ, పని ఎక్కువ. పర్వతాలు నాలుగు వందల ఫోటోలకు ఆ బొత్తాం నొక్కి టీ తాగడానికి పోయాడు.

కంప్యూటర్‌కు వీడియో లైటు పచ్చదనం ఏదో, పెళ్ళికూతురికి రాసిన పసుపు ఏదో తెలియదు. రెండూ తీసేసింది. నలుగు పెట్టిన ముఖం పిండి పూసినట్టయింది. పసుపు అద్దిన మధుపర్కం ఉత్త తెల్లచీర అయింది. మెడలో పసుపుతాడు తెల్లదారమయింది.

అతను తిరిగి వచ్చి చూశాడు. నేనూ చూశాను. దాచడమెందుకు, ఇప్పుడు కదా పిల్ల తెల్లగా వచ్చింది, బాగుంది అన్నాను నేను. అతనికి ఏదో అనుమానం తగిలింది. నా మాట విని ఊరుకున్నాడు. ఆల్బమ్ బెజవాడ ల్యాబులో అచ్చయి వచ్చింది, అనంతగిరి పోయింది.

ఆషాఢానికి గోపిక పుట్టింటికి వచ్చింది. శ్రావణంలో అత్తగారింటికి పోతూ ఆల్బమ్ వెంట తీసుకుపోవాలి. ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా తిరుపతమ్మ ఆల్బమ్‌ను తువ్వాలలో చుట్టుకుని మా గదికి వచ్చింది. అరవలేదు. బల్ల మీద పెట్టి తాళి కట్టే పేజీ తెరిచింది.

"మా పిల్ల మెడలో తెల్లదారం కట్టించారేంటి బాబూ? ఇది పట్టుకుని అత్తారింటికి ఎట్టా పంపేది?"

జనార్దన్ పేజీ చూశాడు, పర్వతాలును చూశాడు. నేను నా కాళ్ళ వేళ్ళు చూసుకున్నాను. ముత్తయిదువ మెడలో తెల్లదారం. నేను చదివింది మూడో తరగతే అయినా, ఆడదాన్ని, నేను చూడవలసింది అది.

పాత ఫోటోలు లేవు, వాటి మీదే కొత్తవి దాచాడు. కెమెరాలోవి తర్వాతి పెళ్ళి కోసం ఎప్పుడో తుడిచేశారు. జనార్దన్ ఒక ఉపాయం చేశాడు. పచ్చరంగు తీసుకుని ఫోటో అంతటా పలచగా పరిచాడు. పసుపుతాడు పచ్చబడింది, తలంబ్రాలు పచ్చబడ్డాయి, పురోహితుడి పళ్ళు కూడా పచ్చబడ్డాయి. తంగేడు చెట్టు కింద పెళ్ళి చేసి కొమ్మలు దులిపినట్టుందని నేనన్నాను. తిరుపతమ్మ ఆల్బమ్ మళ్ళీ తువ్వాలలో చుట్టబోయింది.

అప్పుడు పర్వతాలు నోరు తెరిచాడు. తప్పు తనదని, ఐదు రోజులు ఇస్తే ఒక్కో ఫోటో చేత్తో దిద్దుతానని అన్నాడు. ల్యాబుకు రెండు రోజులు పోయినా శ్రావణానికి అందుతుంది. ఆమె పోయాక జనార్దన్ అతనితో ఒక్కటే మాట అన్నాడు.

"ఈ ఆల్బమ్ మల్ల తిరిగొచ్చిందనుకో, ఇగ నువ్వు జాతర దాంక ఆగే పని లేదు."

మరునాడు పర్వతాలు కంప్యూటర్ ముట్టలేదు. పొద్దున్నే కోదాడ బస్సెక్కి అనంతగిరి పోయాడు. పెళ్ళికి దంచిన పసుపు ఏమైనా మిగిలిందా అని తిరుపతమ్మను అడిగాడట. ఆమె విస్తుపోయి, ఇత్తడి డబ్బీలోంచి గుప్పెడు కాగితంలో కట్టి ఇచ్చింది. కొట్టు పసుపు కాదు, ఇంట్లో కొమ్ములు దంచిన పసుపు. తర్వాత గోపికను అడిగాడు, నలుగు ఎవరెవరు పెట్టారు, ఎక్కడ ఎక్కువ పడిందని. ఆ పిల్ల ఆలోచించి, ఎడమ చెంప మీద అమ్మమ్మ పెట్టిందని, ఆమెకు చెయ్యి వణుకుతుంది కాబట్టి చారలు చారలుగా పడిందని చెప్పింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, పసుపు తడిపి తన ముంజేతికి రాసుకుని అద్దాల తలుపు దగ్గర వెలుతురులో నిలబడ్డాడు. చెయ్యిని చూస్తాడు, కంప్యూటర్‌ను చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. ఎండల్లో గొర్రెలు కాచిన చెయ్యి అది. గోపికది అన్నం రంగు. ఆ నలుపు మీద పసుపు ఒక రకంగా పలుకుతుంది, ఈ రంగు మీద ఇంకోరకంగా. నాదీ అన్నం రంగే. నా చేతుల వైపు ఒకసారి చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. అడగడని నాకు తెలుసు. చెయ్యి చాపాను.

"అమ్మా, మీరు..." అన్నాడు.

"వద్దనెటోడు ఈ ఇంట్ల ఎవడున్నడురా? రాయి."

మా ఆయన పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆ పద్దెనిమిదేళ్ళలో నా ఒంటికి పసుపు తగల్లేదు. అతను రాయలేదు, గిన్నె నా ముందు పెట్టి పక్కకు తిరిగాడు. నేనే రాసుకున్నాను. చల్లగా ఉంది. అంతకంటే చెప్పను.

ఐదు రోజులు పొద్దున పదింటి నుంచి ఎండ మళ్ళే దాకా నా చెయ్యి తలుపు దగ్గర, అతని కళ్ళు నా చేతి మీద, అతని పెన్ను పలక మీద. పసుపు తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరుతుంటే ఒక రంగు, ఆరి పొలుసులు లేస్తే ఇంకో రంగు. నలుగు ఫోటోలకు తడి పసుపు, మంగళస్నానం తర్వాతివాటికి చెవుల వెనక మిగిలిన పసుపు. పసుపుతాడుకు దారపు పోగు పసుపులో ముంచి నా మణికట్టుకు చుట్టించి చూశాడు. ఎదురింటావిడ వచ్చి నా చేతిని చూసి, ఏంటక్కా ఈ వయసులో పెళ్ళా అంది. పిల్లోడెవరో నువ్వే చూడమన్నాను. మళ్ళీ రాలేదు.

మూడో రోజు పర్వతాలు నన్ను దగ్గరికి పిలిచి గోపిక ఎడమ చెంపను పెద్దది చేసి చూపించాడు. తెల్లబడ్డ చెంప మీద సన్నటి నీడల్లాగా నాలుగు గీతలు. బొత్తాం పసుపును తీసేసింది గాని ముసలామె వేళ్ళు నడిచిన దారిని తీయలేకపోయింది. అవి మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. అతను పెన్నుతో ఆ గీతల వెంట పసుపు నింపుకుంటూ పోయాడు, వణికినచోట వణికినట్టే.

శ్రావణం వచ్చే ముందురోజు తిరుపతమ్మ వచ్చింది. కొత్త ఆల్బమ్ మొదటి పేజీలోనే గొంగడి చారలు ఉన్నాయి. పర్వతాలు అడగకుండానే పెట్టాడు, జనార్దన్ చూసి ఊరుకున్నాడు. ఆమె వాటి మీద ఆగలేదు. తాళి పేజీ తెరిచి పసుపుతాడు మీద బొటనవేలు పెట్టి రుద్దింది, వేలికి అంటుతుందేమో అన్నట్టు. తర్వాత నలుగు పేజీకి పోయి ఎడమ చెంప దగ్గర ఆగింది.

"ఇయ్యి మా అమ్మ వేళ్ళు," అంది.

ఆల్బమ్ తువ్వాలలో చుట్టుకుని బస్టాండుకు పోయింది. అది తిరిగి రాలేదు. గోపిక ఆడపడుచు పెళ్ళికి మిర్యాలగూడ వాళ్ళే స్టూడియో వెతుక్కుంటూ వచ్చి, పసుపు దిద్దినతను ఎవరని అడిగారు.

మాఘంలో జాతర ముందు వీరయ్య వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. తమ్ముడు కంప్యూటర్‌లో తమ మంద ఫోటో తెరిచి చూపించాడు. సంక్రాంతి తర్వాత చెరువు గట్టున తీసిందట. వీరయ్య వంగి ఒక్కొక్క గొర్రెనూ వేలితో చూపించి పేరు పెట్టి పిలిచాడు. చివరికి ఒకదాని దగ్గర ఆగి, దీని అసలు తెలుపు ఇదే కదా అన్నాడు.

"గదే. నేనేం ముట్టలేదన్నా," అన్నాడు పర్వతాలు.

వీరయ్య నడుం సరిచేసుకున్నాడు. "సరే, జాతరకు రా. గంప దించినంక మల్ల గీడికే రా. మందకు మనిషిని సూసుకుంట," అని చెప్పులు తొడుక్కున్నాడు.

జనార్దన్ తర్వాత ఖమ్మం పోయాడు. ఇప్పుడు ఆ గది పర్వతాలుదే, బోర్డూ అతనిదే. కంప్యూటర్లు రెండుసార్లు మారాయి, పచ్చదనం తీసే బొత్తాలు ఇంకా తెలివైనవి వచ్చాయి. అతను ఏ పెళ్ళి మొదలుపెట్టినా ముందుగా ఆ ఐదు రోజుల్లో తీసిన ఒక ఫోటో తెరిచి ఒక మూలన ఉంచుకుంటాడు. ముడతలు పడిన ఒక ముంజెయ్యి, దాని మీద తడి పసుపు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో గత ఎనిమిదేళ్ళుగా అతని చేతుల మీదుగా పోయిన పెళ్ళికూతుళ్ళందరి పసుపునూ నా చేతితోనే పోల్చి చూసుకున్నాడు. ఆ మాట వాళ్ళెవరికీ తెలియదు. తెలిస్తే ఒకరిద్దరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ, ఆల్బమ్‌లు చూసుకుంటే పసుపు సరిగ్గానే ఉంటుంది.