పిన్నిగారిని ఎవరూ అడగలేదు

1983. షికాగోకి పడమటి వైపు ఒక ఆస్పత్రిలో, యురాలజీ వార్డులో పగటి డ్యూటీ నర్సుని నేను. యురాలజీ అంటే మూత్రపిండాలు, మూత్రాశయం జబ్బుల విభాగం. మాది బాపట్ల. బ్యాడ్జీ మీద 'రూత్' అని ఉండేది. ఆ పేరూ, ఈ ఉద్యోగం చూసి ఇక్కడి మనవాళ్ళు నన్ను మలయాళీ కింద జమకట్టేసేవారు. ఇండియన్ నర్సంటే కేరళ అమ్మాయే అని వాళ్ళ లెక్క. దిద్దీ దిద్దీ విసుగొచ్చి నేనూ మానేశాను.

అన్నపూర్ణమ్మగారు మా వార్డుకి వచ్చింది ఆ అక్టోబరులోనే. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. భర్త పోయి చాలాకాలం, పిల్లల్లేరు. అక్క చనిపోతే ఆవిడ కొడుకు మూర్తిని తనే పెంచింది. ఆ మూర్తే ఇప్పుడు పిన్నిని షికాగో శివారు షామ్‌బర్గ్‌లో తన ఇంట్లో పెట్టుకున్నాడు. మూత్రంలో రక్తం పడుతుంటే మగపిల్లాడికి ఎలా చెప్పడమని ఆవిడ నెలల తరబడి దాచిందట.

సిస్టోస్కోపీ చేశారు. సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష అది. క్యాన్సర్ కండరంలోకి దిగింది. డాక్టరు మంచం పక్కన నిలబడి రెండు దారులు చెప్పాడు. మూత్రాశయం తీసేసి, పేగుముక్కతో పొట్ట మీదికి దారి చేసి, అక్కడ సంచి అతికించుకోవడం ఒకటి. ఏదీ తీయకుండా రేడియేషన్, అంటే మనవాళ్ళు 'కరెంటు పెట్టడం' అనేది, ఇచ్చి చూడటం రెండోది. మొదటిదాంట్లోనే ఆశ ఎక్కువన్నాడు. "ఆవిడకి చెప్పి, ఏమంటుందో అడగండి" అన్నాడు మూర్తితో.

నేను అక్కడే సెలైన్ మారుస్తున్నాను. మూర్తి ఆవిడ మీదికి వంగాడు.

"పిన్నీ, లోపల చిన్న పుండుందట. కరెంటు పెడితే మాడిపోతుందంటున్నారు. నువ్వేం బెంగ పెట్టుకోకు."

"అంతేనా? అయితే ఇంటికెప్పుడు?" అందావిడ.

మూర్తి డాక్టరు వైపు తిరిగి, ఆవిడ సంచి వద్దంటోందనీ, అది తమ ఆచారానికి పడదనీ ఇంగ్లీషులో చెప్పేశాడు. నా ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడ అలా అనలేదండీ" అన్నాను తెలుగులో.

మూర్తి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను కారిడార్‌లోకి లాక్కెళ్ళినంత పని చేశాడు.

"సిస్టర్, మీరు మలయాళీ అనుకున్నానండీ."

"అయితే మాత్రం? ఆవిణ్ణి అడిగారా?"

"మీకు తెలీదు. మా పిన్ని మడి కట్టుకుని వంట చేసుకునే మనిషి. ఒంటి మీద మూత్రం సంచి పెట్టుకుని దేవుడి దగ్గర కూర్చుంటుందా? క్యాన్సర్ అన్న మాట వింటేనే గుండె ఆగిపోతుంది. నేను డిసైడ్ చేసేశాను. ప్లీజ్, ఏం చెప్పకండి."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు కాదది. నాకు ఇంకా కోపం వచ్చింది అందుకే.

డాక్టరు చెప్పని జబ్బు పేరు నర్సు చెప్పకూడదన్నది అప్పటి రూలు. అందుకని డాక్టరు దగ్గరికే వెళ్ళి జరిగింది చెప్పాను. రేపు పొద్దున నువ్వే తెలుగులో అడుగు, నేను పక్కనుంటానన్నాడు. పొద్దున్నే వెళ్ళేసరికి మంచం ఖాళీ. ముందురోజు సాయంత్రమే మూర్తి ఆవిణ్ణి వేరే ఆస్పత్రికి తీసుకుపోయాడు. "కుటుంబం ఇష్టం" అని డాక్టరు చేతులు దులుపుకున్నాడు.

మరుసటి వేసవిలో ఆవిడ మళ్ళీ మా వార్డుకే వచ్చింది. రేడియేషన్ పని చేయలేదు, జబ్బు ఎముకలకి పాకింది. ఇక కోసి తీయడానికి ఏమీ లేదు. ఆవిడతో మాట్లాడమని ఈసారి డాక్టరు మూర్తిని కాక నన్ను పిలిచాడు. ఎంత ఔదార్యం! కుర్చీ దగ్గరికి లాక్కుని జబ్బు పేరు చెప్పాను. మూర్తి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"క్యాన్సరని నాకు తెలుసమ్మాయ్. కరెంటు పెట్టేచోట నా పక్కన కూర్చున్నవాళ్ళ ముఖాలు చూడలేదూ? అప్పట్లో ఇంకేమైనా చేయడానికి ఉండేదా, అది చెప్పు."

అడిగింది కనక చెప్పాను. సంచి సంగతీ, మూర్తి భయమూ, అన్నీ. ఆవిడ గుండె ఆగలేదు. మూర్తి వైపు తిరిగింది.

"మడి అడ్డమొచ్చిందిట్రా? చిన్నప్పుడు నీకు విరేచనాలు పట్టుకుంటే ఈ చేతులతోనే ఎత్తిపోశాను. స్నానం చేసి మళ్ళీ మడి కట్టుకున్నాను. నా మడి సంగతి నాకు తెలీదూ? వద్దనుకుంటే నేనే వద్దనేదాన్ని కదరా. నన్నొక్క మాట అడగాలనిపించలేదూ?"

"నీకోసమే పిన్నీ..."

"సర్లే. కాసిని మంచినీళ్ళివ్వు."

సెప్టెంబరులో పోయింది. ఆపరేషన్ చేస్తే బతికి ఉండేదని నేను ప్రమాణం చేయలేను. సంచి వద్దని ఆవిడే అని ఉండేదేమో కూడా. ఆ వద్దనేదేదో ఆవిడ నోటి నుంచి రావలసింది.

ఆ తర్వాత నా బ్యాడ్జీ మీద పేరు కింద 'తెలుగు మాట్లాడతాను' అని తెలుగులోనే రాసి అంటించుకున్నాను. మన పెద్దవాళ్ళెవరు వచ్చినా, వెంట వచ్చిన కొడుకునో కోడలినో కాసేపు కాఫీకి పంపించి, "మీకేం చెప్పారో నాకోసారి చెప్పండి" అని మొదలుపెడతాను. ఇది తమ ఇంటి విషయమని కొందరు నా మీద కంప్లెయింట్ చేశారు. చేసుకోనివ్వండి. ఇంటి విషయమే కావచ్చు. ఒళ్ళు మాత్రం ఆ మంచం మీదున్న మనిషిది.