భయపడినోళ్ళు యాడ్ నొక్కరు

డెంకణికోట పక్క ఏనుగులు యాడ తిరుగుతున్నాయో చెప్పే వెబ్‌సైట్ నాది. మూకండపల్లిలో గది తీసుకుని నడుపుతున్నాను. చూసేవాళ్ళు పెరిగితే యాడ్ల డబ్బులూ పెరుగుతాయని మొదట్లో సంబరపడినాను. ఒట్టి భ్రమ. జనం ఎగబడిన రోజే వెయ్యి వ్యూలకు వచ్చే రాబడి అడుగంటేది. చేలో ఏనుగు నిలబడి ఉంటే ట్రాక్టర్ యాడ్ ఎవడు నొక్కుతాడు? గ్రాఫ్‌లో వ్యూల గీత లేచి రాబడి గీత పడిందంటే ఏనుగులు దిగినట్టేనని అట్ల తెలుసుకున్నాను.

మొన్న మధ్యాహ్నం ఆ గీతలు అట్లే విడిపోయినాయి. నేనింకా ఏ వార్తా పెట్టలేదు. డెంకణికోట పక్కనే మా రాగి చేలో ఉన్న నాయనకు ఫోన్ చేసినాను.

"ఈడ ఏమీ లేదమ్మా. పొద్దున్నుంచి మొరుగుతా ఉన్న కుక్కలు కూడా ఇప్పుడే గమ్మునైపోయినాయి," అన్నాడు.