కలిసొచ్చిన పేరు

పన్నెండేళ్ళ కిందటి మాట. కోదాడలో మా ఆయన పాత జీపు కిరాయికి తిప్పేవాడు. మంది ఎక్కువైతే చాలు, వెనక యాక్సిల్ విరిగేది. విసిగిపోయి, సూర్యాపేటలో పాత సామాన్ల దుకాణంలో గట్టి యాక్సిల్ ఒకటి కొని వేయించాడు. దాని నడుమ గుండ్రంగా ఉబ్బినచోట ఎర్ర రంగుతో 'మౌనిక' అని రాసి ఉంది. మెకానిక్ రంగు పూయబోతే మా ఆయనే ఆపాడు.

"ఉండనియ్యి. వాళ్ళకు కలిసొచ్చిన పేరై ఉంటది."

కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇద్దరం బయల్దేరాం. మునగాల దగ్గర టీ తాగి జీపు కదిలించామో లేదో, వెనక నుంచి ఆడమనిషి కేక. "ఆపుండ్రి! ఆపుండ్రి!"

ఎవరో చక్రం కింద పడ్డారనుకున్నాను. దిగి చూస్తే, రోడ్డు పక్కన జామకాయలమ్మే ఆమె జీపు వెనక కూలబడి, కొంగుతో ఆ పేరు మీది దుమ్ము తుడుస్తోంది. పక్కన చిన్న పాప.

"సూడు బిడ్డా, నీ పేరే. మీ నాయిన రాసిండు."

ఆమె భర్త జీపు ఈ రోడ్డు మీదే లారీకి గుద్దుకుందట. మనిషి దక్కలేదు. జీపును ఏ ముక్కకాముక్క అమ్మేశారట.

మా ఆయన వంగి ఆ పేరు చూసి అడిగాడు. "తుడిపియ్యమంటవా చెల్లే?"

"వద్దన్నా, ఉండనియ్యి. ఈసారన్న జర మెల్లగ నడుపుండ్రి."

ఆ జీపు ఉన్నన్నాళ్ళూ ఆయన మెల్లగానే నడిపాడు. కలిసొచ్చిన పేరు అనే మాట మాత్రం మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.